దూరం ఒకటే, పోయే టైం వేరు, వచ్చే టైం వేరు: సింగపూర్ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానం సంగతి

అమ్మా, మీరు అడిగింది ఇది. చంద్రగిరిలో ఉంటున్న మీ అమ్మానాన్నలు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉన్న మీ తమ్ముడి ఇంటికి మొదటిసారి వెళ్తున్నారు. చెన్నైలో ఎక్కి, సింగపూర్‌లో విమానం మారి, పసిఫిక్ మహాసముద్రం దాటి దిగాలి. టికెట్‌లో సింగపూర్ నుంచి పోయేటప్పుడు 15 గంటలు, వచ్చేటప్పుడు 17 గంటలు అని ఉంది. దూరం ఒకటే కదా, ఈ రెండు గంటల తేడా ఎందుకు? రెండోది, సింగపూర్‌లో ఉదయం 9:15కి ఎక్కి అదే తేదీన ఉదయం 8:15కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతారని ఉంది. ఎక్కిన టైం కన్నా దిగే టైం ముందుంది, టికెట్‌లో తప్పు పడిందా? మూడోది, ఇల్లు వదిలిన దగ్గర నుంచి తమ్ముడి ఇల్లు చేరేదాకా అసలు ఎన్ని గంటలు?

ముందుగా మీ టెన్షన్ తీరే మాట చెప్తాను. టికెట్‌లో ఏ తప్పూ లేదు. ఆ అంకెలన్నీ సరైనవే. నేను చాలా ఏళ్లు చెన్నైలో విమానాలకు ఫ్లైట్ ప్లాన్ వేసే పని చేసి, రిటైరయ్యాక తిరుపతిలో ఉంటున్నాను. ఆ ఉద్యోగాన్ని డిస్పాచర్ అంటారు. ఏ దారిలో పోవాలి, ఎంత ఎత్తులో పోవాలి, ఎంత ఇంధనం పోయాలి, దారిలో ఏదైనా జరిగితే ఎక్కడ దిగాలి అని విమానం కదలకముందే నేల మీద కూర్చుని లెక్క తేల్చే పని. కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను. మీరు టీచర్ అని రాశారు కాబట్టి పిల్లలకు చెప్పడానికి కూడా పనికొస్తుంది.

దూరంతో మొదలుపెడదాం. సింగపూర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దగ్గరి దారిలో సుమారు 13,600 కిలోమీటర్లు. దగ్గరి దారి అంటే గోడకు వేలాడే మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసే గీత కాదు. మీ బడిలో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక చివర సింగపూర్ మీద, ఇంకో చివర శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. ఆ దారం సముద్రం మధ్యలోంచి అడ్డంగా పోదు. ఫిలిప్పీన్స్ ఉత్తరపు అంచు తాకి, టోక్యోకి కాస్త దక్షిణంగా పోయి, అలాస్కా నుంచి తోకలా సాగిన అల్యూషన్ దీవుల కింది దాకా ఎక్కి, అక్కడి నుంచి కాలిఫోర్నియాకి దిగుతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అదే అన్నిటికన్నా పొట్టి దారి. జపాన్ పక్క నుంచి పోతుందన్న ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దాంతో పని ఉంది.

చెన్నై నుంచి సింగపూర్‌కి ఇంకో 2,920 కిలోమీటర్లు. రెండూ కలిపితే 16,500 పైన. చెన్నై నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి నేరుగా దారం లాగితే మాత్రం 13,900 చిల్లరే వస్తుంది. ఆ దారం సింగపూర్ వైపు పోనే పోదు. ఉత్తరానికి ఎక్కి చైనా, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ అంచు తాకి అలాస్కా మీదుగా దిగుతుంది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిర్ ఇండియా ఆగకుండా విమానం నడిపినప్పుడు, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అంతా మహిళలే ఉన్న సిబ్బంది దాన్ని ఉత్తర ధ్రువం మీదుగా తీసుకొచ్చారు. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం 13,993 కిలోమీటర్లు. చెన్నై లెక్క చూస్తే, సింగపూర్ దాకా పోయినా అమెరికా మనకు దగ్గరైంది 300 కిలోమీటర్లే. ఇంత తిప్పి తీసుకెళ్లడం ఎందుకు అని మీ నాన్నగారు అడిగితే, అడగడం న్యాయమే. కానీ దాన్ని చూసి టికెట్ మార్చుకోవద్దు. దుబాయ్ మీదుగా పోయినా 16,000 దాకా అవుతుంది, లండన్ మీదుగా పోతే 16,800 దాటుతుంది. తిరుపతికి భూగోళంలో సరిగ్గా అవతలి పక్క పెరూ దేశానికి పడమరగా పసిఫిక్ సముద్రంలో పడుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో లాగా భూగోళానికి అవతలి వైపున ఉన్న ఊరికి పోవాలంటే తూర్పుగా పోయినా, పడమరగా పోయినా, పైనుంచి పోయినా పెద్ద తేడా రాదు. దుబాయ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం లాగితే అది దాదాపు ఉత్తర ధ్రువాన్నే తాకుతుంది.

ఇక అసలు ప్రశ్న, ఆ రెండు గంటల తేడా.

మీరు అలిపిరి మెట్ల దారిలో ఎన్నోసార్లు కొండెక్కి ఉంటారు. 3,550 మెట్లు. ఎక్కేటప్పుడూ అవే మెట్లు, దిగేటప్పుడూ అవే మెట్లు. కానీ ఎక్కే టైం, దిగే టైం ఒకటేనా? మెట్ల లెక్క చూసి టైం చెప్పలేం. విమానానికీ అంతే. అక్కడ ఎత్తుపల్లం బదులు గాలి ఉంటుంది.

పసిఫిక్ మీద, ముఖ్యంగా జపాన్ చుట్టుపక్కల, 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి ఒక గాలి నది పారుతుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. నది అనడం ఊరికే కాదు. వెడల్పు కొన్ని వందల కిలోమీటర్లు, మందం కొద్ది కిలోమీటర్లే, పొడవు మాత్రం వేల కిలోమీటర్లు. మెలికలు తిరుగుతూ, రోజుకో చోటికి జరుగుతూ పారుతుంది. చలికాలంలో సైబీరియా చలిగాలి, పసిఫిక్ వెచ్చని గాలి పక్కపక్కన నిలబడినప్పుడు ఆ రెండింటి వేడిలో తేడా ఎంత ఎక్కువైతే పైన ఆ గాలి అంత బలపడుతుంది. భూమి తిరుగుడు దాన్ని తూర్పుకి మళ్లిస్తుంది. జపాన్ మీద చలికాలంలో అది గంటకు 300 కిలోమీటర్లు దాటడం నేను చార్టుల్లో చాలాసార్లు చూశాను. ప్రపంచంలో ఇంత గట్టి జెట్ స్ట్రీమ్ ఉండే చోట్లు తక్కువ.

మీ అమ్మానాన్నల విమానం గాలిలో పోయే వేగం సుమారు గంటకు 900 కిలోమీటర్లు. ఈ వేగం చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పేది. ఆ గాలే కదులుతుంటే నేల మీద లెక్క మారుతుంది. సులువుగా ఉండడానికి దారి పొడవునా గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉందనుకోండి. పోయేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, 900కి 100 కలిసి 1,000 అవుతుంది. 13,600 కిలోమీటర్లకు 13 గంటల 36 నిమిషాలు. వచ్చేటప్పుడు ఎదురుగాలి, 900లోంచి 100 పోయి 800 మిగులుతుంది. అదే దూరానికి 17 గంటలు. విమానంలో లోపం లేదు, పైలట్ నెమ్మదిగా నడపలేదు, దూరం పెరగలేదు.

ఈ లెక్కలో పిల్లలకు ఇవ్వదగ్గ ఒక చిక్కు ఉంది. గాలి అసలు లేకపోతే రానూపోనూ కలిపి 30 గంటల 13 నిమిషాలు. గాలి ఉంటే పోతూ లాభం, వస్తూ నష్టం, రెండూ సరిపోతాయి కదా అనిపిస్తుంది. కలిపి చూడండి, 30 గంటల 36 నిమిషాలు వస్తుంది. గాలి మొత్తం మీద నష్టమే చేసింది. ఎందుకంటే ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు ఉంటుంది, తోసే గాలిలో తక్కువ సేపు ఉంటుంది. గోదావరిలో పడవ నడిపేవాళ్లకు ఈ సంగతి ఏ లెక్కా లేకుండానే తెలుసు.

నిజంగా తేడా మూడు గంటల పైన కాకుండా రెండు గంటలకే ఆగడానికి కారణం మా లాంటి వాళ్ల పని. తిరుమలకి ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగే ఘాట్ రోడ్డు వేరు కదా. పసిఫిక్ మీదా అంతే. తూర్పుకి పోయే విమానాన్ని దారం గీతకి కాస్త పక్కకి జరిపైనా సరే ఆ గాలి నది మధ్యలో పెడతాం. కొన్ని వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా టైం కలిసొస్తుంది, ఇంధనం మిగులుతుంది. పడమరకి వచ్చే విమానాన్ని ఆ నదికి దూరంగా తోస్తాం, కొన్ని రోజులు ఉత్తరంగా అల్యూషన్ల వైపు, కొన్ని రోజులు దక్షిణంగా. తేడా ఏమిటంటే ఘాట్ రోడ్డు కదలదు, ఈ దారులు రోజూ కదులుతాయి. అమెరికా వైపు ఓక్లాండ్, జపాన్ వైపు ఫుకువోకా కంట్రోల్ కేంద్రాలు ఆ రోజు గాలి అంచనా చూసి ఏ రోజుకారోజు పసిఫిక్ మీద కొత్తగా దారులు గీస్తాయి. మీ అమ్మగారు వెళ్లిన దారిలోనే పక్కింటావిడ మర్నాడు వెళ్తారని చెప్పలేం. టికెట్ మీద ఉండే 15, 17 గంటలు ఏ ఒక్క రోజువీ కావు. ఆ సీజన్‌లో మామూలుగా పట్టే సమయం, దానికి నేల మీద నడిచే సమయం కూడా కలిపి వేసిన అంకెలు. దాన్ని బ్లాక్ టైం అంటారు. చక్రాల కింద పెట్టిన చెక్కలు తీసిన క్షణం నుంచి, దిగిన చోట మళ్లీ పెట్టే క్షణం దాకా.

ఈ గాలిని మొదట పద్ధతిగా కొలిచింది జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి. 1920లలో టటెనో అనే చోట నుంచి బెలూన్లు వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో దుర్బిణితో చూసి లెక్క కట్టాడు. ప్రపంచమంతా చదవాలని ఆ నివేదికను 1926లో ఎస్పెరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్లకీ ఒకటే భాష ఉండాలని తయారుచేసిన భాషలో, రాశాడు. ఆ భాష చదివేవాళ్లు తక్కువ కావడంతో ఆయన శ్రమ చాలాకాలం బయటికి తెలియలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం అది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి ఎత్తుగా వచ్చిన అమెరికా బాంబర్లు ఆ గాలికి ఎదురుపడి ముందుకు కదలలేకపోయాక గానీ మిగతా ప్రపంచానికి దాని బలం అర్థం కాలేదు. 1952 నవంబరులో పాన్ యామ్ అనే అమెరికా కంపెనీ విమానం ఒకటి టోక్యో నుంచి హొనొలులుకి కావాలని ఆ గాలిలో ఎక్కి పోయింది. 18 గంటల ప్రయాణం పదకొండున్నర గంటల్లో ముగిసింది.

అట్లాంటిక్ మీద కూడా ఇలాంటిదే ఉంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోడై ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని వేగం దాటిందా అని అప్పట్లో నన్ను చాలామంది అడిగారు. దాటలేదు. తన చుట్టూ ఉన్న గాలిలో అది ఎప్పటి వేగంతోనే పోతోంది, ఆ గాలే దాన్ని మోసుకుపోయింది. మీ నాన్నగారికి సీటు ముందున్న తెరలో మ్యాప్ పెట్టుకుని గ్రౌండ్ స్పీడ్ అన్న అంకె చూడమనండి. జపాన్ దాటేటప్పుడు అది 1,000 దాటితే గాలి నదిలో ఉన్నట్టు. మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లకు పదిహేను గంటల్లో ఇది మంచి కాలక్షేపం. అక్కడ కాస్త కుదుపులు రావచ్చు. ఆ నది అంచుల్లో గాలి వేగం తొందరగా మారుతుంది కాబట్టి వచ్చే కుదుపులవి. బెల్ట్ పెట్టుకుని ఉంటే చాలు, భయపడాల్సింది లేదు.

ఇలాంటి గాలి మన నెత్తిమీద కూడా ఉందని చెప్తే చంద్రగిరి వాళ్లు నమ్మరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల కాలంలో, విమానాలు మామూలుగా ఎగిరే ఎత్తుకి కాస్త పైన, తూర్పు నుంచి పడమరకి గంటకు 100 కిలోమీటర్లకు మించి ఒక గాలి పారుతుంది. జపాన్ గాలికి సరిగ్గా ఎదురు దిక్కు. 1958లో దీని గురించి ప్రపంచానికి చెప్పింది మన తెలుగువాడు, వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఇప్పుడు ఆ గాలిని కొలిచే చోటు మీ చంద్రగిరికి దగ్గర్లోనే ఉంది. పాకాల, చిత్తూరు వైపు పోతుంటే గాదంకి వస్తుంది కదా, టోల్‌గేట్ పేరుగానే అందరికీ తెలిసిన ఊరు. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1,024 యాంటెన్నాలతో ఒక పెద్ద రాడార్ ఉంది. అది ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చే సన్నని ప్రతిధ్వనిని బట్టి ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంగా వీస్తోందో చెప్తుంది. మీ బడి పిల్లలకు జెట్ స్ట్రీమ్ పాఠం చెప్పేటప్పుడు జపాన్ దాకా పోనక్కర్లేదు, గాదంకితో మొదలుపెట్టండి.

రెండో ప్రశ్న, ఎక్కకముందే దిగడం.

సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం చలికాలంలో సింగపూర్‌కి 16 గంటలు వెనక, మనకి పదమూడున్నర గంటలు వెనక. వేసవిలో వాళ్లు గడియారం ఒక గంట ముందుకి జరుపుతారు, అప్పుడు 15 గంటలు, పన్నెండున్నర గంటలు అవుతుంది. మీ టికెట్ చలికాలానిది. మంగళవారం ఉదయం 9:15కి సింగపూర్‌లో ఎక్కి 15 గంటలు ఎగిరితే సింగపూర్‌లో అర్ధరాత్రి దాటి 12:15, బుధవారం వచ్చేసింది. అందులోంచి 16 గంటలు తీసేయండి, మంగళవారం ఉదయం 8:15. అదే మీ టికెట్ మీద ఉన్నది. సముద్రం మధ్యలో, దాదాపు 180 డిగ్రీల రేఖాంశం దగ్గర, తేదీ రేఖ ఉంది. తూర్పుకి పోతూ దాన్ని దాటితే ఒక రోజు వెనక్కి వస్తుంది. మీ అమ్మానాన్నలకు ఆ మంగళవారం ఉదయం రెండుసార్లు వస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు దీనికి బదులు తీరుతుంది. శుక్రవారం రాత్రి పదిన్నరకి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కితే 17 గంటల తర్వాత సింగపూర్‌లో ఆదివారం ఉదయం ఏడున్నర. శనివారం గడియారంలో ఎక్కడో కరిగిపోతుంది. ఇది పెద్దవాళ్లకు చిన్న విషయం కాదు. మా ఆవిడ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. మొదటిసారి మా అబ్బాయి దగ్గర నుంచి తిరిగొస్తూ విమానంలోనే నాకు ఈ ప్రశ్న వేసింది, శనివారమే లేకపోతే నా ఒక్కపొద్దు సంగతేమిటి అని. నేను గంటల లెక్క చెప్పాను, ఆమె నా మాట కన్నా మంచి పని చేసింది. ఎక్కిన ఊళ్లో శుక్రవారం రాత్రి భోజనం అయ్యాక, సింగపూర్‌లో దిగి స్నానం చేసి దీపం తలుచుకునేదాకా పాలు, పండ్లతో గడిపింది. మీ అమ్మగారికి కూడా ఇలాంటి నియమం ఉంటే తిరుగు టికెట్ తేదీ ముందే చూసి చెప్పండి, అప్పటికప్పుడు విమానంలో తెలిస్తే మనసు కలత పడుతుంది.

వారం పోయినా తిథి మాత్రం పోదు. వారం అనేది మనుషులు పెట్టుకున్న లెక్క, తేదీ రేఖ దాటితే మారుతుంది. తిథి సూర్యచంద్రుల మధ్య కోణం, 12 డిగ్రీలకు ఒకటి. ఏకాదశి మొదలయ్యే క్షణం ప్రపంచమంతటికీ ఒకే క్షణం. చంద్రగిరిలో అది ఉదయం 8 గంటలైతే శాన్‌ఫ్రాన్సిస్కోలో ముందురోజు సాయంత్రం ఆరున్నర. సూర్యోదయం వేర్వేరు వేళల్లో వస్తుంది కాబట్టి అక్కడ వ్రతం రోజు మన క్యాలెండర్ తేదీకి కుదరకపోవచ్చు. అందుకే అమెరికాలో ఉండే ఆరు నెలలూ మన ఊరి పంచాంగం కాకుండా ఆ ఊరికి గుణించిన పంచాంగం చూసుకోవాలి. ఆబ్దికాలు పెట్టే ఇళ్లకి ఇది మరీ ముఖ్యం.

ఈ రోజు తప్పడం కొత్తది కూడా కాదు. మెగలన్ ఓడ ప్రపంచం చుట్టి 1522 జులైలో కేప్ వర్డ్ దీవుల్లో ఆగినప్పుడు, ఓడలో ఒక్క రోజు వదలకుండా రాసుకున్న లెక్క ప్రకారం బుధవారం, ఒడ్డున ఉన్నవాళ్లకు గురువారం. ఎవరి లెక్కా తప్పు కాదు. పడమరగా భూమిని చుట్టినవాళ్లకి ఒక సూర్యోదయం తగ్గుతుంది.

మూడో ప్రశ్నకి వద్దాం, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. గడియారాల్లో అంకెలు చూసి ప్రయాణం లెక్కపెట్టొద్దు. సోమవారం సాయంత్రం 4కి చంద్రగిరి వదిలి మంగళవారం ఉదయం 8:15కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగడం అంటే చూడ్డానికి 16 గంటలే. ఒంటికి అది 30 గంటలు. ఒకే గడియారం, మన గడియారమే, పట్టుకుని లెక్కేయండి.

సాయంత్రం 4కి కారు కదిలితే పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై మీనంబాక్కం చేరేసరికి 8 అవుతుంది. ఊళ్లోకి అడుగుపెట్టాక ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలుసు, అందుకే నాలుగు గంటలు పెట్టుకోండి. విమానం మూడుంపావు గంటల తర్వాత, రాత్రి 11:15కి అనుకుందాం. సింగపూర్‌కి నాలుగుంపావు గంటలు, మన టైం తెల్లవారుజాము మూడున్నర, అక్కడ 6. అక్కడ మూడుంపావు గంటలు ఆగాలి, మన టైం 6:45కి పెద్ద విమానం కదులుతుంది. 15 గంటల తర్వాత మన టైం మంగళవారం రాత్రి 9:45కి దిగుతారు. ఇమిగ్రేషన్ లైను, సామాను, తమ్ముడి కారు కలిపి ఇంకో రెండు గంటలు. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి దగ్గర దగ్గర 32 గంటలు. అందులో నేల మీద, లైన్లలో, కుర్చీల్లో గడిచేది పన్నెండు గంటలకు పైనే. పెద్దవాళ్లను అలిసిపోయేలా చేసేది ఎక్కువగా ఈ పన్నెండు గంటలే. అందుకే వీల్‌చైర్ సాయం టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. నాన్నగారు నడవగలను అంటారు, నడవగలరు కూడా. అయినా సింగపూర్‌లో ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి, శాన్‌ఫ్రాన్సిస్కోలో లైన్ చివరి నుంచి కౌంటర్ దాకా, భాష రాని చోట తోడు ఉండే మనిషి కోసం అది.

రెండు విమానాలూ ఒకే టికెట్ నంబరు మీద ఉన్నాయా చూడండి. ఉంటే చెన్నైలో ఇచ్చిన పెట్టెలు నేరుగా శాన్‌ఫ్రాన్సిస్కోలో వస్తాయి, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లది. మాకు తెలిసినవాళ్ల అబ్బాయి ఏడు వేల రూపాయలు మిగులుతాయని రెండు వేర్వేరు టికెట్లు కొన్నాడు. మొదటి విమానం మూడు గంటలు ఆలస్యమైంది. డెబ్బై ఏళ్ల దంపతులు తెలియని ఊళ్లో ఒక రాత్రంతా కుర్చీల్లో కూర్చుని, మర్నాడు కొత్త టికెట్ కొనుక్కుని పోయారు. ఆ పెద్దాయన నాతో ఆ రాత్రి గురించి చెప్తూ మాట పూర్తి చేయలేకపోయారు.

మాత్రల విషయం డాక్టరుని అడగండి, నేను డాక్టరుని కాను. ఏం అడగాలో మాత్రం చెప్తాను. రోజుకి ఒకటి అన్న మాత్ర అంటే 24 గంటలకు ఒకటి, పొద్దున ఒకటి అని కాదు. రెండు పొద్దునలు వచ్చే రోజు బీపీ మాత్ర రెండుసార్లు వేసుకున్నవాళ్లు ఉన్నారు. షుగర్ ఇన్సులిన్ ఉంటే ఇది ఇంకా జాగ్రత్తగా తేల్చుకోవాల్సిన విషయం. నాన్నగారి చేతికి మన టైం పెట్టిన మామూలు వాచీ ఒకటి ఉంచండి, దిగేదాకా మార్చొద్దనండి. మాత్రలన్నీ చేతి సంచిలోనే, చీటీతో సహా.

అమ్మగారు సముద్రం మధ్యలో ఇంజన్ ఆగిపోతే ఎలా అని అడుగుతున్నారని రాశారు. ఆ భయం ఆమె ఒక్కరిదే కాదు, ఆ ప్రశ్నకి జవాబు తేల్చడమే మా ఉద్యోగంలో సగం. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్‌తోనే గంటల తరబడి ఎగరగలదు. ఒక ఇంజన్‌తో ఎంతసేపు ఎగిరి దగ్గరి విమానాశ్రయం చేరుకోవచ్చో ఆ విమానానికి అనుమతి రాసి ఉంటుంది, ఎయిర్‌బస్ ఎ350కి అది 370 నిమిషాల దాకా ఇచ్చారు. మేం గీసే దారి ఏ క్షణంలోనూ ఆ గీత దాటకూడదు. జపాన్, అలాస్కాలోని ఆంకరేజ్, కోల్డ్ బే, హవాయి, మిడ్‌వే, గ్వామ్, ఇవన్నీ ఆ దారి పొడవునా రెండు పక్కలా కాపు కాస్తూ ఉంటాయి. మిడ్‌వే పసిఫిక్ నడిబొడ్డున పక్షులు ఎక్కువ, మనుషులు తక్కువ ఉండే చిన్న దీవి. 2014లో హొనొలులు నుంచి గ్వామ్ పోతున్న ఒక బోయింగ్ 777లో ఏదో కాలిన వాసన వస్తే అక్కడే దించారు, అందరూ క్షేమంగా బయటపడ్డారు. ఆ దీవిలో రన్‌వేని బాగు చేసి ఉంచేది ఇలాంటి రోజు కోసమే. అమ్మగారికి గ్లోబు మీద ఈ చోట్లన్నీ వేలితో చూపించండి. నీళ్లే నీళ్లు అనుకున్న చోట ఎక్కడెక్కడ దిగొచ్చో కళ్లతో చూస్తే ధైర్యం వస్తుంది, మా ఆవిడకి అలాగే వచ్చింది.

తిరుగు ప్రయాణం టికెట్‌లో సింగపూర్ చేరే టైం పక్కన చిన్నగా +2 అని ఉంటుంది, ఎక్కిన తేదీకి రెండు రోజులు కలపాలని దాని అర్థం. చెన్నై చేరే తేదీని దాన్ని బట్టే చూసి, చంద్రగిరి నుంచి కారు పంపే డ్రైవరుకి తేదీతో పాటు వారం పేరు కూడా ఇప్పుడే రాసి ఇవ్వండి.